మూడు మెట్లు కింద పాట

ఆ బ్యాండు పేరు చెప్పను. చెబితే మీలో సగం మందికి మీ సొంత జ్ఞాపకాలు లేస్తాయి, ఇక నావి వినరు. సముద్రాల అవతలి నలుగురు మగవాళ్ళు. నలుగురికీ నా జడకంటే పొడుగు జుట్టు. ఇద్దరి చేతుల్లో గిటార్లు, ఒకడి ముందు డ్రమ్ములు, ఒకడి గొంతులో నా ప్రాణం. అంతవరకు తెలిస్తే చాలు.

తొంభైల మొదట్లో మేము మద్రాసు చింతాద్రిపేటలో, కూవం నదికి రెండు సందుల ఇవతల ఉండేవాళ్ళం. ముత్తాతల నాటి నేతపని ఎప్పుడో పోయింది. నాయన జార్జి టౌన్‌లో కాగితాల హోల్‌సేల్ కొట్టులో గుమాస్తా. ఇంట్లో అవ్వ, అమ్మ, నాయన, నేను. వీళ్ళ ముగ్గురికీ మంచి గొంతులే ఉన్నాయి. నాకొక్కదానికే దేవుడు ఏ లారీ డ్రైవరుకో ఇవ్వాల్సిన గొంతు తెచ్చి పెట్టాడు. పక్కింటి ఫోనులో "హలో" అంటే అవతలివాళ్ళు "సార్" అనేవారు. బడిలో పాటల టీచరు నన్ను ప్రార్థన వరుసలో చివరికి నెట్టి, "నువ్వు పెదాలు కదుపు చాలు" అన్నది. పదేళ్ళు కదిపాను. పదిమందిలో నోరు తెరిస్తే అందరి తలలూ నా వైపే తిరుగుతాయన్న భయంతో, ఉన్న కోపాన్నంతా లోపలే దాచుకుని పెరిగాను.

మా ఇంట్లో ఒక టూ-ఇన్-వన్ ఉండేది, రేడియో, టేప్‌రికార్డరు రెండూ ఉన్న పెట్టె. అవ్వ భజనల కోసం నాయన కొన్నది. నేను హైస్కూల్లో ఉండగా అది అలమారు మీద నుంచి కింద పడి నోరు మూసుకుంది. నాయన రిచీ స్ట్రీట్‌లో ఒక మెకానిక్‌కిచ్చి బాగు చేయించాడు. అప్పటినుంచి మా ఇంట్లో భజనలు పాడే ఆయన బహు నెమ్మదస్తుడైపోయాడు. అవ్వకు అది తెగ నచ్చింది. "చూడుమే, ఎంత నిదానంగా పాడతాడో! ఒక్కొక్క మాటా సామి పాదాల కాడ పెట్టినట్టే" అనేది. అదే భజన రేడియోలో వస్తే గబగబా పరుగెత్తేది. దానికీ అవ్వ దగ్గర జవాబుంది. "రేడియోవోళ్ళకి టైం యాడుంటాది? తరిమి తరిమి పాడిస్తారు." మేమెవరమూ ఆ మాటను కాదనలేదు. సెట్టును అనుమానించాలన్న ఆలోచన ముగ్గురు పెద్దవాళ్ళకూ రాలేదు, నాకూ రాలేదు.

ఆ బ్యాండు మా ఇంటికి పొరపాటున వచ్చింది. నాయన సౌకార్‌పేటలో పాటలు ఎక్కించే కొట్టులో ఖాళీ క్యాసెట్టు, అవ్వ చెప్పిన భజనల చీటీ ఇచ్చి వచ్చాడు. వారం తర్వాత తెచ్చిన క్యాసెట్టు మీద అవ్వ చీటీనే అంటించి ఉంది. అవ్వ స్నానం చేసి, దీపం పెట్టి, చేతులు జోడించి, నన్ను మీట నొక్కమంది. నొక్కాను. పెట్టె లోపలి నుంచి ఎవరో తలుపులు బాదుతున్నట్టు డ్రమ్ములు మొదలయ్యాయి. అవ్వ జోడించిన చేతులు అట్లాగే ఉండిపోయాయి. ఆ తర్వాత అతను పాడటం మొదలుపెట్టాడు.

"ఈ బిడ్డ ఎందుకుమే ఇట్ట ఏడస్తా ఉండాడు? ఎవురన్నా పోయినారా?" అంది అవ్వ.

నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ గొంతు నాది. లావుగా, ముతకగా, అడుగునుంచి తవ్వుకుని వచ్చినట్టు ఉంది. అలాంటి గొంతును ఎవరూ వరుస చివరికి నెట్టలేదు, పైగా వెనక ముగ్గురు వాయిస్తున్నారు! క్యాసెట్టు మార్చి తెస్తానని నాయన అన్నప్పుడల్లా "రేపు" అన్నాను. అట్లా రేపు రేపు అని నెలలు గడిచాయి. ఊళ్ళో ఎక్కడో ఒక కుర్రాడు తన రాక్ బ్యాండు కోసం మీట నొక్కి మా అవ్వ భజనలు విని ఉంటాడు. అతనికి ఈ పూట క్షమాపణ చెబుతున్నాను.

ఆ క్యాసెట్టులో తొమ్మిది పాటలు. ఒక్కొక్కటీ నాకు ఒక్కొక్క పనికి అతుక్కుపోయింది. రెండో పాట దెబ్బకు మా వాకిట్లో చేతిపంపు దెబ్బ సరిగ్గా సరిపోయేది. పాట ముగిసేసరికి నాలుగు బిందెలు నిండేవి. నాలుగో పాట వింటే ఇప్పటికీ తడిబట్టల వాసన వస్తుంది. ఒక నవంబరులో పది రోజులు ముసురు పట్టి, బట్టలన్నీ ఇంట్లోనే ఆరేసిన రోజులవి. ఆరోదీ, ఏడోదీ వంట చేసుకుంటూ విని మర్చిపోవడానికి బాగుంటాయి. ఐదోది మాత్రం ఏ పనీ చేయనిచ్చేది కాదు. నెమ్మదిగా మొదలై, పల్లవి దగ్గర ఆకాశానికి ఎక్కే పాట. దాని మాటలు నాకు అర్థమైనంతలో తెలుగు అక్షరాల్లో నోటుబుక్కులో రాసుకున్నాను. అమ్మ గుడికి, అవ్వ పక్కింటికి వెళ్ళిన సాయంకాలాల్లో అతనితో కలిసి గొంతెత్తి పాడేదాన్ని. మా రెండు గొంతులూ ఒకే గాడిలో నడిచేవి. అతను ఎక్కిన చోటికల్లా నేనూ ఎక్కేదాన్ని. ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

ఆడపిల్లల కాలేజీలో రెండో ఏడు చదువుతున్నప్పుడు నా గుట్టు బయటపడింది. మధ్యాహ్నం కుళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతూ, ఎవరూ లేరనుకుని ఐదో పాట అందుకున్నాను. వెనక్కి తిరిగితే, భుజాన గిటారుతో మూడో ఏడు అక్క ఒకామె నిలబడి ఉంది. కాలేజీ పాశ్చాత్య సంగీతం జట్టు ఆమెదే. జట్టులో పాడే అమ్మాయికి అమ్మవారు పోసిందట, పోటీలు మూడు వారాల్లో ఉన్నాయట. ఆమె తమిళంలో గబగబా చెప్పుకుపోతుంటే నేను సబ్బు చేతులతో నిలబడి విన్నాను.

"పాట నాకు తెలుసు. ఇట్లా పాడగా మాత్రం ఎప్పుడూ వినలేదు" అందామె.

ఆ మాట సరిగా పట్టించుకుని ఉంటే బాగుండేది. నేను పట్టించుకోలేదు.

ఆ శనివారం కీల్పాక్‌లో ఆమె ఇంటికి వెళ్ళాను. బీరువా అంత స్టీరియోలో ఆమె ఐదో పాట పెట్టింది. పాట పరుగెత్తింది. గొంతు సన్నగా, పిల్లి తోక తొక్కినట్టు ఎక్కడో మిద్దె మీద నుంచి వస్తోంది. నేను సగం దాకా ఓపిక పట్టి, పెద్దమనిషి తరహాగా, "అక్కా, మీ సెట్టు పాడైపోయింది. రిచీ స్ట్రీట్‌లో మా నాయనకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు" అన్నాను.

ఆమె నవ్వి వాక్‌మన్ తెచ్చి నా చెవులకు పెట్టింది. అందులోనూ అదే పిల్లి. అప్పుడు అర్థమైంది. పాడైంది మా సెట్టు. టేపును నిదానంగా తిప్పి గొంతులన్నిటినీ లావు చేస్తోంది. ఇన్నాళ్ళూ నా గొంతులాంటి గొంతు ఒకటి లోకంలో ఉందని నమ్మాను. అది లేదు. అలమారు మీద నుంచి పడిన ఒక పెట్టెలో మాత్రమే ఉంది. బస్సులో కిటికీ వైపు తిరిగి చింతాద్రిపేట దాకా ఏడ్చాను.

సంగతి విని నాయన మర్నాడే సెట్టును చంకన పెట్టుకుని మెకానిక్ దగ్గరికి బయలుదేరాడు. నేనూ వెంట వెళ్ళాను. మెకానిక్ వెనకమూత విప్పి, మోటారులో ఉన్న చిన్న రంధ్రంలో సన్నని స్క్రూడ్రైవరు దూర్చి ఒక్క తిప్పు తిప్పాడు. "స్పీడు స్క్రూ. ఆ పొద్దు నేనే తిప్పేసుంటాను, చూసుకోలేదు" అన్నాడు. అంతే, పని అయిపోయింది. ఇంటికొచ్చి నాయన భజన పెట్టాడు. అవ్వ ఒక నిమిషం విన్నది.

"ఎవురా ఈ మనిషి? వీనికేమన్నా బస్సు పోతా ఉందా?"

"ఇదేమ్మా సరైన స్పీడు" అన్నాడు నాయన.

"ఎవురికి సరి? నాకు సరి కాదు. పాత మాదిరే పెట్టించుకోని రా."

నాయన మళ్ళీ వెళ్ళాడు. బాగున్న సెట్టును చెడగొట్టమని అడిగిన మనిషిని తన సర్వీసులో చూడలేదని మెకానిక్ అన్నాడట. అవ్వ మాత్రం నెమ్మదస్తుడు తిరిగొచ్చాడని ఆ పూట పాయసం వండించింది.

నేను అవ్వను కాను. నాకు అంత ధైర్యం ఎక్కడిది? మూడు వారాలు ఆ పిల్లిలాగే పాడటానికి కిందా మీదా పడ్డాను. పల్లవి దగ్గరికి వచ్చేసరికి గొంతు రెండుగా చీలేది. ఒకరోజు ఉండబట్టలేక, "అక్కా, శ్రుతి మూడు మెట్లు దించి, కాస్త నిదానంగా వాయించి చూద్దామా?" అని అడిగాను. చూశాం. డ్రమ్ములు వాయించే అమ్మాయి సగంలో ఆపేసి, చావు మేళంలా ఉందని తేల్చింది. గిటారు అక్క కూడా తల అడ్డంగా ఊపింది. ఒరిజినల్ ఎలా ఉందో అలాగే ఉంటేనే జడ్జీలు మార్కులు వేస్తారట. జట్టులోంచి తీసేస్తారేమోనని నేను మళ్ళీ నోరెత్తలేదు.

పోటీ మగపిల్లల కాలేజీ ఒకదానిలో. మద్రాసు కాలేజీల సాంస్కృతిక పోటీల్లో కూర్చున్నవాళ్ళు ఎలా ఉంటారో తెలియనివారికి చెబుతాను. వాళ్ళు పాట వినడానికి రారు. పాడేవాళ్ళను దించడానికి వస్తారు. మాకు ముందు పాడిన జట్టును కాగితం రాకెట్లతో పంపించారు. హాలు వెనక గోడకు ఆనుకుని, కొట్టులో సగం రోజు సెలవు పెట్టి వచ్చిన నాయన, మధ్యాహ్నం భోజనం సంచీతో నిలబడి ఉన్నాడు.

ముందే చెబుతున్నాను, మాకు బహుమతి రాలేదు. మధ్యలో పాట ఆపిన జట్టుకు ఇవ్వకూడదని నిబంధన. ఆపింది నేనే.

మొదటి చరణం ఎలాగో గట్టెక్కింది. పల్లవి మొదటి ఎత్తులోనే గొంతు చీలింది. హాలు మొత్తం ఊళ పెట్టింది. రాకెట్లు లేచాయి. ఇంకో క్షణంలో నేను పెదాలు కదిపేదాన్నే, పదేళ్ళ అలవాటు కదా. కానీ ఆ క్షణాన నాకు భయం వేయలేదు, ఒళ్ళు మండింది. మూడు వారాలుగా ఇంకొకడి గొంతు కోసం నా గొంతు పిసుక్కుంటున్నాను. అది కాస్తా ఎలాగూ పోయింది. ఇక పోవడానికి ఏముంది? చెయ్యెత్తి పాట ఆపేశాను. వెనక్కి తిరిగి, "అక్కా, మూడు మెట్లు దింపు" అన్నాను.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నిదానంగా."

ఆమె హాలు వైపు చూసింది, నా వైపు చూసింది. ఏమనుకుందో, గిటారు మీద వేళ్ళు మార్చి పట్టుకుంది. డ్రమ్ముల అమ్మాయి కళ్ళు మూసుకుని దండం పెట్టుకుంది. నేను మైకు దగ్గరికి వచ్చి, సొంత గొంతుతో తమిళంలో "ఒక నిమిషం" అన్నాను. ముందు వరుసలోంచి ఒకడు లేచి, "సార్, పాడండి సార్!" అని అరిచాడు. హాలు విరగబడి నవ్వింది.

"పాడతాను, కూర్చో" అన్నాను.

వాడు ఠక్కున కూర్చున్నాడు. ఈసారి హాలు వాడిని చూసి నవ్వింది. గిటారు మొదలైంది, మా ఇంటి స్పీడులో. నేను అందుకున్నాను. గొంతు ఎక్కడా వెతుక్కోనక్కరలేకుండా అడుగునుంచి దానంతటదే వచ్చింది. చరణం సగానికి వచ్చేసరికి రాకెట్లు ఆగిపోయాయి. పల్లవి దగ్గర, ఇందాక గొంతు ఏ చోట చీలిందో అక్కడికే, కాళ్ళు నేలమీద ఆనించి నడిచి ఎక్కినట్టు ఎక్కాను.

రెండోసారి పల్లవికి ఒక విచిత్రం జరిగింది. ఆ హాల్లో చాలామందికి ఆ పాట కంఠతా వచ్చు. కానీ ఒరిజినల్ ఎత్తులో ఎవరికీ అందదు, అందరూ ఆ చోట ఊరికే తల ఊపి ఊరుకుంటారు. ఇప్పుడు అందింది. ముందు వరుసలో ఎవడో సన్నగా మొదలుపెట్టాడు, బహుశా నన్ను సార్ అన్నవాడే. తర్వాత ఆ వరుస, ఆ వెనక వరుస, బాల్కనీ. మూడోసారికి హాలంతా లేచి నిలబడి పాడుతోంది. నేను చేతులు చాపి, ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా అని సైగ చేశాను. పాట అయిపోయాక కూడా వాళ్ళు ఆపలేదు. గిటారు అక్క ఏడుస్తూ నవ్వుతూ ఇంకో రెండుసార్లు పల్లవి వాయించింది.

బస్సులో నాయన నా పక్కనే. సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. సెంట్రల్ స్టేషన్ దాటాక, ఏదో తప్పు ఒప్పుకుంటున్నట్టు మెల్లగా అన్నాడు.

"కడసీలో, పాట ఆకర్న, నీ గొంతు నాకు వినపళ్ళేదు పాపా. చెవి పెట్టి ఎతికినాను. అందురూ నీ మాదిరే పాడతా ఉండారు. నువ్వెవురో వాళ్ళెవురో తెలీలా."

పంతొమ్మిదేళ్ళుగా ఎక్కడ నోరు తెరిచినా విడిగా వినపడుతూ వచ్చిన గొంతు అది. నాకు ఏనుగెక్కినంత సంబరమైంది. "ఇంకోసారి చెప్పు నాయనా" అన్నాను.