పావురం అనే కంపెనీ

మా అక్క ఏం ఉద్యోగం చేస్తుందని ఎవరైనా అడిగితే మా అమ్మ నీళ్లు నమిలేది. కన్సల్టింగ్ అంటే ఏమిటో అమ్మకే కాదు, చాలాకాలం నాకూ అంతుపట్టలేదు. చివరికి, కంపెనీలకు సలహాలు చెబుతుందని అమ్మ ఒక మాట కుదుర్చుకుంది. సలహాలు చెబితే జీతమిస్తారా అని పక్కింటావిడ నోరు వెళ్లబెట్టింది. అదే నిజమైతే మా పిన్ని ఈపాటికి కోటీశ్వరురాలు అయ్యుండాలని నేనన్నాను. పిన్ని కొన్నాళ్లు నాతో మాట్లాడలేదు.

నాది స్కూటర్లు బాగుచేసే షాపు. బండి మళ్లీ ఆగిపోతే తిట్లు తినేది నేనే. అక్కావాళ్ల పని అలా కాదు. ఏదైనా కంపెనీకి జబ్బు చేస్తే వీళ్లను పిలుస్తారు. వీళ్లు చూసి, మందు రాసిచ్చి, ఆ మందు పనిచేసిందో లేదో తెలిసేలోపు ఇంకో కంపెనీకి వెళ్లిపోతారు. నేనిలా అంటే అక్కకు ఒళ్లు మండేది.

అలాగని ఆ ఉద్యోగంలో మంచి లేదని అనను. సబ్బుల ఫ్యాక్టరీ, ఆసుపత్రి, ఓడరేవు, చెప్పుల కంపెనీ, ఇన్ని రకాల పనులు దగ్గరుండి చూసే అదృష్టం ఎవరికుంటుంది? భోజనాల దగ్గర అక్క ఆ కబుర్లు చెబుతుంటే చేతులు ఎండిపోయేదాకా వినేవాళ్లం. జీతం మంచిది. దించేది పెద్ద హోటళ్లలో. ఎంత పెద్దవాడైనా అక్క మాట్లాడుతుంటే నోరుమూసుకుని వినాల్సిందే. కష్టం కూడా ఆ స్థాయిలోనే ఉండేది. ఏ ఆఫీసుకు వెళ్లినా అక్కడివాళ్లకు అక్క బయటి మనిషే. మా మేనకోడలికి తల్లి గొంతు ఫోన్లోనే ఎక్కువ తెలుసు. బావ మంచివాడు కాబట్టి నెట్టుకొచ్చాడు, నేనైతే రోజూ గొడవపడేవాణ్ని.

ఇదంతా అక్క ఓర్చుకున్నది పెద్దమేడం ఇచ్చిన ఒక్క మాట కోసం. అక్కను ఉద్యోగంలోకి తీసుకున్నది ఆవిడే. పదిమందిలో నిలబడి మాట్లాడటం నేర్పిందీ ఆవిడే. మా నాన్న పోయినప్పుడు ఇంటికొచ్చి, కుర్చీ వేసినా కూర్చోకుండా అమ్మ పక్కన నేలమీదే కూర్చుంది. ఆ ఒక్క పనితో మా ఇంటిల్లిపాదినీ కొనేసింది. ఈ ఏడాది నిన్ను కంపెనీలో వాటా ఉండే పార్ట్‌నర్‌ను చేయిస్తానని ఆవిడ అంటే, మాకది రాసిచ్చిన కాగితం కంటే ఎక్కువ.

వాళ్ల ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ కంపెనీ పని చేస్తున్నారో గుట్టుగా ఉంచడానికి దానికో మారుపేరు పెడతారు. ఇంట్లో కూడా అక్క ఆ పేర్లతోనే మాట్లాడేది. మరీ రహస్యమైన పనయితే చేసేవాళ్లకు కూడా అసలు పేరు చెప్పరు. ఉద్యోగాల పేర్లు తీసేసి అక్షరాలు పెట్టి, అంకెలు కాస్త మార్చి ఇస్తారు. పావురం అలా వచ్చింది. ఎవరో లాయర్ల ఆఫీసు అనుకో అని పెద్దమేడం తనే తెచ్చి ఇచ్చింది. ఇది బాగా చేస్తే పైవాళ్ల కళ్లలో పడతావని కూడా చెప్పిందట.

అక్క ప్రాణం పెట్టి చేసింది. ఒక ఆదివారం మా ఇంట్లో కూర్చుని నాకు వివరించింది కూడా. పావురంలో పైన పెద్దలున్నారు, కింద కొత్తగా చేరిన పిల్లలున్నారు, మధ్యలో ఒక వరుస ఉంది. పైవాళ్ల మాట కిందికి, కిందివాళ్ల పని పైకి మోయడమే ఆ వరుస పని. అది తీసేసినా ఆఫీసు హాయిగా నడుస్తుందని అక్క తేల్చింది. మరి ఆ మనుషుల సంగతేమిటే అని అమ్మ అడిగింది. చదువుకున్నవాళ్లేగా, ఇంకెక్కడో దొరుకుతుందిలే అంది అక్క. నేనూ తలూపాను. తల ఊపడానికి నాదేం పోయింది?

రిపోర్టును అందరూ తెగ మెచ్చుకున్నారు. కొన్ని వారాలకు పెద్దమేడం నుంచి కబురొచ్చింది, ఉదయాన్నే వచ్చి కలవమని. పార్ట్‌నర్ కబురేనని ఇంట్లో అందరం అనుకున్నాం. అమ్మ పక్కింటావిడకు చెప్పేసింది కూడా. అక్క కారు రిపేరుకు ఇచ్చి ఉండటంతో స్కూటర్ మీద నేనే దింపాను. సంతోషంగా దిగొస్తుంది కదా అని గేటు దగ్గరే ఆగాను.

పైన జరిగింది తర్వాత అక్క చెబితే తెలిసింది. గాజు గదిలో పెద్దమేడంతో పాటు ఉద్యోగుల వ్యవహారాలు చూసే మనిషి కూడా ఉంది. గోడమీద తెరపై, పావురంలో ఎవరి కింద ఎవరో చూపిస్తూ అక్క గీసిన గడుల పటమే కనిపిస్తోంది. ఇప్పుడందులో అక్షరాలు లేవు, అసలు హోదాల పేర్లున్నాయి. అక్క తీసేయమన్న మధ్య వరుసలో ఉన్నది అక్క హోదానే. పావురం వాళ్ల ఆఫీసే. లోకంలోని కంపెనీలన్నిటినీ గడులుగా గీసి గీసి, తను రోజూ కూర్చునే గడినే అక్క గుర్తుపట్టలేకపోయింది.

అక్క ఏడవలేదట. ఒక్కటే అడిగిందట.

"ఇది నా చేతికి ఇచ్చినప్పుడే మీకు తెలుసా మేడం?"

"తెలుసు. వేరేవాళ్లకిస్తే ఎవరినో ఒకరిని కాపాడాలని చూస్తారు. నువ్వు చూడవు. అందుకే నీకిచ్చాను."

అది మెచ్చుకుంటున్నట్టే అందట. నమ్మించి గొంతు కోయడమంటే ఇది కాకపోతే ఇంకేమిటి? మా నాన్న పోయినరోజు నేలమీద కూర్చున్న మనిషే కదా ఈ మాటన్నది. అక్క దిగొచ్చి రెండు ముక్కల్లో చెప్పగానే నాకు రక్తం మరిగిపోయింది. ఆవిడ మొహం మీదే అడిగేసి వస్తానని బయల్దేరాను. అక్క నా చొక్కా పట్టుకుని ఆపింది.

"ఏమని అడుగుతావురా? అడగాలంటే రిపోర్టు తప్పని చెప్పాలి. అది తప్పు కాదు."

ఈలోపు ఆ మధ్య వరుసలోని మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే దిగొస్తున్నారు. అందరి చేతుల్లోనూ సీటు ఖాళీ చేసి సామాన్లు సర్దుకున్న అట్టపెట్టెలే. అక్క పక్క సీట్లో కూర్చునే ఆమె మమ్మల్ని చూసి పరుగున వచ్చింది. మా ఇంటికి చాలాసార్లు వచ్చిన మనిషే. పెట్టె కిందపెట్టి, అక్క భుజం మీద చెయ్యేసి, కళ్లు తుడుచుకుంది.

"ఎవరు రాశారో తెలీదు గానీ, వాళ్ల చేతులు పడిపోను. మనం ఏంచేస్తామో ఒక్కసారైనా వచ్చి చూశారా?"

అక్క ఊరుకుంటే సరిపోయేది. నేను కళ్లతో సైగ కూడా చేశాను.

"నేనే రాశాను," అంది అక్క.

ఆమెకు ముందు అర్థం కాలేదు. అక్క మొహంలోకి చూసి, నా మొహంలోకి చూసి, మళ్లీ అక్కనే చూసింది. తర్వాత అక్క భుజం మీంచి చెయ్యి తీసేసి, పెట్టె ఎత్తుకుని వెళ్లిపోయింది.