తొమ్మిదేళ్ళ నాలుగు నెలల భయం

2025 జూన్ 14, శనివారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, పిల్లల పెంపకం నాకు క్షుణ్ణంగా తెలుసునన్న నమ్మకంతో గుంటూరులోని ఒక సినిమా హాలులో కూర్చున్నాను. పక్కన మా అమ్మాయి. వయసు తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు.

తన తరగతి అంతా చూసిన దయ్యం సినిమాకు వెళ్దామని ఆమె వారం రోజులు బతిమాలింది.

“దయ్యం డాన్స్ చేస్తుంది నాన్నా! ఎవరికీ భయం వెయ్యలేదంట.”

“దానికి యూఏ పదమూడు ప్లస్ ఇచ్చారు. నువ్వింకా మూడేళ్ళ ఎనిమిది నెలలు ఆగాలి” అన్నాను. పెద్దలు తోడుంటే చూడవచ్చన్న వెసులుబాటును నేను లెక్కలోకి తీసుకోలేదు.

బదులుగా, ఆమె వయసులో నేను పొన్నూరులో చూసిన పౌరాణికం మళ్ళీ విడుదలైతే దానికి తీసుకువెళ్ళాను. ‘యు’ సర్టిఫికెట్, ఆబాలగోపాలం చూడదగినది. ఆ కాలపు సెన్సారువారి దృష్టిలో ముద్దు ప్రమాదం, తల తెగిపడటం భక్తి. నేటివారు మందు గ్లాసును మసకబారుస్తారు, సిగరెట్టు కింద హెచ్చరిక వేస్తారు, భయాన్ని మాత్రం యార్డులో మిర్చిని గ్రేడు చేసినట్టు ఏడు, పదమూడు, పదహారు అని వేరుచేస్తారు.

ఒకటింబావుకు రాక్షసుడి తల తెగి, మెట్ల మీదుగా దొర్లుతూ నవ్వింది. అమ్మాయి కెవ్వుమంది.

“వెళ్ళిపోదాం నాన్నా!”

“ఇది యు సినిమా. భయం ఉండదు” అన్నాను. రెండుసార్లు అన్నట్టు డైరీలో ఉంది. ఇంకా నలభై నిమిషాల సినిమా ఉండగా, ఏడుస్తున్న పిల్లను బయటికి తీసుకురాక తప్పలేదు.

ఆ తర్వాత ఆమె పక్క గదిలోకి కూడా ఒంటరిగా వెళ్ళలేదు. నాలుగో రోజు మా అమ్మ కలగజేసుకుంది.

“నువ్వేం తక్కువా? అదే తలకాయని చూసి లాగు తడుపుకున్నావు గదరా!”

అప్పటికి నేను డైరీ మొదలుపెట్టలేదు కనుక ఆ సంగతికి ఆధారం లేదు.

అమ్మ గుప్పెడు ఎండుమిరపకాయలతో పిల్లకు దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టని మా ప్రాంతపు శాస్త్రం. ఒక్కరూ దగ్గలేదు. అమ్మ ముఖం పాలిపోయింది. అది చూసి పిల్ల ముఖం మరింత పాలిపోయింది.

“అమ్మా, అవి రంగు కోసం పండించే కాయలు. ఘాటు పెద్దగా ఉండదు. యార్డు నుంచి ఆ బస్తా తెచ్చింది నేనేగా.”

“కాగితం మీద ఒక్క అక్షరం చూసి పిల్లని జడిపించావు. నువ్వా నాకు కాయల సంగతి చెప్పేది?”

అయినా మరో బస్తా విప్పి, ఇంకో గుప్పెడు నిప్పుల్లో వేసింది. ఈసారి వీధి వీధంతా దగ్గింది. అందరికన్నా ముందు బయటికి పరుగెత్తినవాణ్ణి నేనే. కళ్ళు తుడుచుకుంటూ వెనకే వచ్చిన అమ్మాయి నన్ను చూసి, నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నవ్వింది.

“ఇది ఎన్నేళ్ళవాళ్ళకి నాన్నా?”

ఆదివారం నానమ్మా మనవరాలూ దయ్యం సినిమాకు వెళ్ళారు. నన్ను రమ్మనలేదు.

పోయినవి: నలభై నిమిషాల సినిమా, రెండు గుప్పిళ్ళ మిరపకాయలు, “భయం ఉండదు” అని నేనంటే నమ్మే కూతురు.

మిగిలినది: పక్క గదిలోకి ఒంటరిగా వెళ్ళే కూతురు.