కాకా ఓపిక, సలూకి పిల్ల, నా తొందర

ఆ రోజుల్లో నాకు ఇరవై రెండేళ్లు, తెలివి అంతకన్నా బాగా తక్కువ. సౌదీలో హుఫూఫ్ దగ్గర ఒక ఖర్జూర తోటలో పనికి ఉండేవాణ్ని. అప్పటికే నితాఖాత్ అంటూ ఇన్ని పనులు సౌదీలకే ఇవ్వాలన్న నిబంధన వచ్చింది, పైగా మాలాంటి పరాయివాళ్ల మీద యజమాని కట్టాల్సిన లెవీ పన్ను. తోటలో ఉన్నది ఇద్దరమే: నేను, మా పక్క ఊరి కాకా. చలికాలం వెళ్లేలోగా ఒకరిని ఇంటికి పంపేస్తానని కఫీల్ (మాకు వీసా ఇచ్చిన యజమాని) చెప్పాడు. ఎవరినన్నది మాత్రం చెప్పలేదు.

కఫీల్‌కొక సలూకి పిల్ల ఉండేది. సన్నటి నడుము, పొడుగు కాళ్ల వేటకుక్క. తుపాకీ మోతకు బెదరకుండా దాన్ని తయారుచేయమని కాకాకు చెప్పాడు. కుక్క తింటుంటే కాకా దూరంగా నిలబడి రేకు పళ్లెం మీద గరిటెతో మెల్లగా కొట్టేవాడు. అది తల ఎత్తకుండా తింటే మర్నాడు ఒక అడుగు ముందుకు. చెవులు రిక్కిస్తే రెండడుగులు వెనక్కి. నెల గడిచినా కాకా చెట్ల మూడో వరుస దాటి దాని దగ్గరికి రాలేదు.

"గిట్లయితే కుక్క ముసల్దయితది కాకా," అన్నాను.

"కానీయ్ రా. భయం ఎప్పుడు పోవాల్నో అది దానిష్టం," అన్నాడు.

నాకంత ఓపికెక్కడిది? కుక్కను తయారుచేసిన పేరు నాకొస్తే ఇక్కడ ఉండేది నేనే అనుకున్నాను. ఒక శుక్రవారం సాయంత్రం కఫీల్ అతిథులతో వచ్చి కుక్క సంగతి అడిగాడు. కాకా నీళ్ల మోటారు దగ్గరున్నాడు. "తయ్యార్, బాబా," అని, గొలుసు మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని ఠీవిగా నిలబడ్డాను. (తుపాకీ మోత నేనూ అంతవరకు వినలేదన్న సంగతి అప్పుడు గుర్తురాలేదు.) ఆయన ఆకాశంలోకి పేల్చాడు. ముందు ఎవరు పరుగందుకున్నామో ఇప్పటికీ చెప్పలేను. కుక్క తోట వైపు, నేను గది వైపు. గొలుసు ఒక్కటే కాబట్టి కుక్కే గెలిచింది. కాలువలోంచి, బురదలోంచి ఈడ్చుకుపోయి నన్ను మోటారు గది గోడకు అప్పగించింది. అతిథులు పొట్టలు పట్టుకుని నవ్వారు. కఫీల్ నవ్వలేదు.

"ఇది తయారైందని నీకెవరు చెప్పారు?"

నా నోట్లో బురద. కాకా మోటారు గదిలోంచి పరుగున వచ్చి, "నేనే చెప్పిన బాబా, తప్పు నాదే," అన్నాడు. బురద ఉమ్మేశాక కూడా నేను నోరు తెరవలేదు.

రెండు వారాల్లో కాకాకు ఎగ్జిట్ కొట్టారు, ఇక తిరిగి రాకుండా ఇంటికే. దమ్మామ్ విమానాశ్రయం దాకా వెళ్లాను, ఇక్కడ ఉండిపోవాలనే ఆ పని చేశానని కాకాకు చెప్పేద్దామనే. నేను మొదలుపెట్టేలోగానే, "కుక్కకు నీళ్లు పెట్టుడు మర్సిపోకు," అని ఆయన లోపలికి నడిచాడు. తోటలో ఆ కుక్క ఖర్జూరాలు మోసే ట్రాలీ కిందినుంచి కదల్లేదు. గిన్నె కింద పెట్టిన చప్పుడుకే వణికేది. నెలల తరబడి పక్కన కూర్చుంటే చివరికి నా చేతిలోంచి తినడం మొదలుపెట్టింది. వేటకు మాత్రం పనికిరాలేదు. కఫీల్ ఇంకో కుక్కను తెచ్చుకున్నాడు.

కొన్నేళ్లకు ఫోన్లో కాకాకు అంతా ఒప్పుకున్నాను. "నాకే ఇంటికి పోబుద్దయింది రా. నీకోసమని అనుకుంటున్నవా?" అన్నాడు.

నిజమో, నా మనసు తేలిక చేయడానికన్నాడో అడగలేదు. అడగకపోవడం నాకే సుఖమని ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. ఆనాటి కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కానీ ఆ నవ్వు పూర్తిగా రాదు.