నేను తీసేసిన లైను

ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు సబ్‌టైటిళ్లు తయారుచేసే ఆఫీసులో ప్రోగ్రామర్లకు నేను లీడ్‌ని. నా కింద పనిచేసే ఒకావిడ వయసులో నాకన్నా పదేళ్లు పెద్ద. రచయితలకు డైలాగులు టైప్ చేసిపెడుతూనే, సొంతంగా ప్రోగ్రామింగ్ నేర్చుకుని మా టీములోకి వచ్చింది. మేం ప్రోగ్రాములు రాసేది హాస్కెల్‌లో. ఏది ఏ రకమో తేలనిదే కదలని భాష. కోట్స్ అనే కొటేషన్ గుర్తుల మధ్య రాసిన మాటలకే అందులో రెండు రకాలు: స్ట్రింగ్, టెక్స్ట్. మన కంటికి రెండూ ఒకటే.

ఒకరోజు ఆవిడ రాసిన ప్రతి లైనుకూ ఒకటే ఎర్రర్: టెక్స్ట్ కావాలి, స్ట్రింగ్ ఇచ్చారు అని. పొద్దుటినుంచీ కుస్తీ పట్టి, లంచ్ కూడా మానేసి, ల్యాప్‌టాప్ పట్టుకుని నా దగ్గరకు వచ్చింది.

"పక్క ఫైల్ల గిట్లనే రాసిండ్రు సార్, గాడ నడుస్తుంది. గీడ ఎందుకు నడుస్తలేదు?"

ప్రొడక్షన్ ఆఫీసువాళ్ల ఫోన్ అప్పుడే పెట్టేసి చికాకుగా ఉన్నాను. స్క్రీన్ వైపు చూడనైనా లేదు.

"కోట్స్‌లో నాలుగు మాటలు రాయడం కూడా నేనే నేర్పాలాండీ? టైపింగ్ అనుకున్నారా ఇది?"

అందరూ విన్నారు. ఒకరిద్దరు నవ్వారు. ఆవిడ ల్యాప్‌టాప్ మూసుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం ఆ ఫైలు తెరిచాను. కోట్స్‌లోని మాటను అవసరాన్ని బట్టి టెక్స్ట్‌గా తీసుకోమని చెప్పే లైను ఒకటి మొదట్లో ఉండాలి. లేదు. ఎవరు తీశారా అని పాత మార్పుల జాబితా చూస్తే నా పేరే ఉంది. అప్పటికి ఆ ఫైలులో దానితో పని లేదని, ముందురోజు శుభ్రం చేస్తూ నేనే తీసేశాను.

తిరిగి పెట్టాను. ఎర్రర్లన్నీ పోయాయి. "ఇప్పుడు చూడండి, అయిపోయింది" అని మెసేజ్ పెట్టాను. ఎందుకు వచ్చాయో రాయలేదు. "థాంక్యూ సార్" అని జవాబొచ్చింది.

ఆ జవాబు వారమంతా గుచ్చుతూనే ఉంది. ఆవిడ మీటింగుల్లో నోరు విప్పడం మానేసింది. మళ్లీ టైపింగ్ పనికే పంపించమని మేనేజర్‌ను అడిగిందని విన్నాక ఇక ఉండబట్టలేదు. మర్నాడు అందరి ముందే ఆవిడ టేబుల్ దగ్గరకు వెళ్లాను.

"ఆరోజు తప్పు మీది కాదండీ. ఆ లైను తీసేసింది నేనే. తెలిసి కూడా చెప్పలేదు. క్షమించండి."

"ఎరుకే సార్," అంది, కీబోర్డ్ మీంచి చేతులు తీయకుండా. "ఎవరు తీసిండ్రో గాడ పేరు పడతది కదా. గా సాయంత్రమే చూసిన. మీరే చెప్తరేమో అని ఆగిన."

ఆవిడ టీములోనే ఉండిపోయింది. ఎర్రర్ వస్తే మాత్రం నా దగ్గరకు రాదు. పక్క సీటులో అమ్మాయిని అడుగుతుంది. జవాబు నాకు తెలిసినదే అయినా, వినబడనట్టు పని చేసుకుంటాను.