కుడి పక్క కిటికీ

అన్నమ్మ కొత్తవలస స్టేషన్‌కి పొద్దున్నా సాయంత్రమూ వెళ్తుంది. రైలు మాత్రం ఎక్కదు. పొద్దున్న కొండ మీదికి పోయే కిరండోల్ పాసింజరు కిటికీలోంచి ఖాళీ గోనెలు అందిస్తుంది. వాటిని అరకులో ఆకు బేరం చేసే ఈశ్వర్ దించుకుని, అడ్డాకులు నింపి, కిందికొచ్చే బండిలో పడేస్తాడు. ఆ ఆకులకు వెదురు పుల్లలు గుచ్చి విస్తళ్లు కుట్టడం అన్నమ్మ పని. ఆమె తల్లి పనీ అదే. ఆకు పచ్చి మీదే కుట్టాలి, ఎండితే పుల్ల తగలగానే చిట్లుతుంది. అంచేత సాయంత్రం దిగిన మూట మర్నాడు పొద్దుగూకేలోగా విస్తళ్లయి తీరాలి. ఆదివారమైనా చర్చినుంచి రావడం, ఆకు ముందు కూర్చోవడం.

ఒక సాయంత్రం కూతురు కృపారాణి కలం పట్టుకుని వచ్చి ఎదురుగా కూలబడింది. పదో తరగతి.

"అమ్మా, నీకు అభివృద్ధంటే ఏటి?"

"ఏటే?"

"డెవలప్‌మెంటు. ఇంట్లో పెద్దోళ్లని అడిగి రాయమన్నారు సోషల్ మాస్టారు. నీకేటి కావాలో సెప్పు."

బళ్లో ఆ వారం పాఠం ప్రపంచాభివృద్ధి, అసమానతలు. బోర్డు మీద నార్వే పైన ఉంది, మనం బాగా కింద ఉన్నాం, మనకింకా కింద మరికొందరున్నారు. తలసరి ఆదాయం, ఆయుర్దాయం, చదువు. కొలతల్లో తప్పేమీ లేదు. కానీ మహిళా సాధికారత అంటూ మీటింగులకు పిలిచి, కుర్చీలు నిండాక బిస్కెట్ పాకెట్ చేతిలో పెట్టి పంపిన పెద్దమనుషుల్లో ఒక్కరూ నీకేం కావాలని అన్నమ్మని అడగలేదు. పుల్ల పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది.

"ఆ రైలెక్కి, ఈ ఆకు కోసిన కొండ సూడాల" అంది.

కృపారాణి పకపకా నవ్వింది. "అదేటమ్మా! కూలి పెరగాల, రోడ్డు రావాల, అలాటివి సెప్పు."

"అవి నీకే తెలుసు కదే. మరి నన్నడగడమెందుకు?"

అన్నమ్మ ఎనిమిదో తరగతిలో ఉండగా బడి పిల్లల్ని ఆ రైల్లోనే బొర్రా గుహలకు తీసుకెళ్లారు. ముందు రోజే జడకు రిబ్బను ఉతుక్కుని ఆరేసుకుంది. తెల్లారేసరికి ఎవరింట్లోనో పెద్దకర్మ భోజనాలకు విస్తళ్లు కావాలని కబురొచ్చింది. తల్లి ఆకు మూట ముందుకు తోసింది. పిల్లలు పాడుకుంటూ ఎక్కిన బండి కూత ఆమెకు ఇంట్లోకి వినబడింది. ఆ మరుసటేడు బడి కూడా మానేసింది.

టిక్కెట్టు కొనలేక కాదు ఇన్నేళ్లూ వెళ్లనిది. ఆకు ఎండని రోజు ఒకటి దొరకలేదు.

మర్నాడు కృపారాణి తరగతిలో తల్లి మాట ఉన్నదున్నట్టు చదివింది. క్లాసు గొల్లుమంది. నరసింగరావు మాస్టారు చెడ్డవాడు కాదు, ఓపిగ్గానే చెప్పాడు. "అది టూరిజం అమ్మా, డెవలప్‌మెంట్ కాదు. గైడు పుస్తకం చూసుకో."

గైడులో గ్రామీణ శ్రామిక మహిళ కోరిక అచ్చేసి ఉంది: ఎక్కువ పనిదినాలు, మెరుగైన కూలి.

"ఎక్కువ పనిదినాలంట!" ఇంటికొచ్చి పుస్తకం విసిరికొట్టింది కృపారాణి. "నీకు కావాల్సింది ఒక్క రోజు తక్కువ కదమ్మా? పబ్లిక్ పరీక్షలో ఈ ప్రశ్నొస్తే నీ మాటే రాస్తాను. మార్కు పోతే పోనీ."

అన్నమ్మ చేతిలో ఆకు పక్కన పెట్టేసింది. విజయనగరం కాలేజీలో సీటు ఆ మార్కుల మీదే ఉంది. సీటు రాకపోతే ఈ ఆకు ముందు ఇంకో జత చేతులు చేరతాయి.

"ఒసే, పిచ్చేటే నీకు? గైడుదే రాయి. ఎక్కువ పనిదినాలు. బట్టీ పట్టు."

"మరి నీ మాటో?"

"నా మాట నా కాడే ఉంటాది. ఎక్కడికీ పోదు."

ఆ ప్రశ్న రానే వచ్చింది. కృపారాణి గైడుదే రాసింది. సీటొచ్చింది.

ఇప్పుడు తల్లీకూతుళ్లు పొద్దున్నే కలిసే స్టేషన్‌కి వస్తారు. కూతురు విజయనగరం బండి కోసం, తల్లి గోనెలతో. మొన్నొక రోజు పాసింజరు ఆగి ఉండగా కృపారాణి అంది:

"దసరా సెలవుల్లో ఒక రోజు ఆకు వద్దని ఈశ్వర్ మావకి సెప్పేద్దామే."

"దసరాకే కదే ఆర్డర్లు ఎక్కువ. సూద్దాంలే."

"ఎప్పుడూ అదే మాట. పోనీ, ఏ పక్కన కూసుంటే లోయ బాగా కనబడతాదంట?"

"కుడి పక్క" అంది అన్నమ్మ, అడగడమే ఆలస్యమన్నట్టు. "సొరంగాలు దాటినాక ఎడం పక్క అంతా రాయేనంట. కుడి పక్క కిటికీ పట్టుకోవాల."

కూత పడింది. అన్నమ్మ గోనెలు లోపలికి తోసింది, ఎవరో అందుకున్నారు. చెయ్యి మాత్రం కిటికీ ఊచ మీదే ఉండిపోయింది. బండి కదిలింది. ఆమె కూడా దానితోపాటు నడుస్తోంది.

"ఓలమ్మా, సెయ్యి తియ్యి!" లోపల్నుంచి అరిచాడు గోనెలు అందుకున్నాయన.