ముదిరిన బీరకాయలు

మా పక్కింటి అత్త పోయింది. పొద్దున వాకిట్లో నీళ్లు చల్లి, లోపలికి వెళ్లి కూర్చుని, ఇక లేవలేదు. చుట్టరికం ఏమీ లేదు, పిలుపుకు అత్త. ధర్మపురిలో మా వీధి దాటితే ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. అయినా అప్పటినుంచి నాకు కాలు నిలవడం లేదు. పొయ్యిమీద పాలు పెట్టి గేటుదాకా వెళ్తాను, ఎందుకు వచ్చానో తెలియక వెనక్కి వస్తాను. ఈలోపల పాలు పొంగిపోతాయి.

ఆమె పెరట్లో పెద్ద బీర పందిరి ఉంది. ఇంట్లో ఉండేది ఆమె, మామ, ఇద్దరే. కాయలు మాత్రం వీధి మొత్తానికి సరిపోయేవి. ఎవరెవరి పెళ్లిళ్లలోనో ఇచ్చిన పసుపు తాంబూలపు సంచుల్లో వేసి, పిలవకుండా మా గేట్లకు తగిలించి పోయేది. పెళ్లయి ఈ వీధికి వచ్చిన కొత్తలో, ఎవరో మరిచిపోయారనుకుని ఆ సంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "మీ గేటుకు ఉంటే మీదే కదమ్మా, పోయి వండుకో పో" అని నవ్వింది.

బదులుగా ఏమిచ్చినా మొహం ముడుచుకునేది. సంచి మాత్రం వదిలేది కాదు. "కాయలు తింటిరి సరే, నా సంచి యాడ పెట్టినావు?" అంటూ సాయంత్రానికల్లా వచ్చి నిలబడేది. కూర్చోమంటే వినేది కాదు. "నేను ఈడ కూర్చుంటే ఆడ కాయ ముదిరిపోతుంది" అనేది. కాయ ముదరడమంటే ఇంట్లో బిడ్డకు జ్వరం వచ్చినంత కంగారు ఆమెకు. వారమంతా బీరకాయే తినాలంటే నాకు విసుగూ వచ్చేది. "వద్దత్తా, నిన్నటివే ఉన్నాయి" అంటే, "పప్పేసి కూట్టు చేసుకో, తొక్కు పచ్చడి నూరుకో" అని చేతిలో పెట్టి వెళ్లిపోయేది. ఆ రోజుల్లో మా ఇల్లు గడిచింది సగం ఆమె పందిరి మీదే. ఆ మాట నన్ను ఒక్కసారైనా చెప్పనివ్వలేదు.

మాలో ఒక పట్టింపు ఉంది. చావు జరిగిన ఇంటినుంచి, కర్మ అయ్యి మైల తీరేదాకా ఏదీ పుచ్చుకోము. మేమే వండి పట్టుకెళ్లాలి. పందిట్లో కాయలు ఆగుతాయా? గోడమీదుగా చూస్తుండగానే లేతవి లావయ్యాయి, లావైనవి ముదిరి వేలాడాయి. చూడటం, చేతులు నలుపుకోవడం. ఆమె ఉంటే మమ్మల్ని తిట్టిపోసేది.

ఒకరోజు అన్నం పట్టుకెళ్తే మామ పందిరి కింద నిలబడి ఉన్నాడు.

"దీన్ని చూస్తా ఉంటే నాకు ఉండబట్టలేదమ్మా. కర్మ అయిపోనీ, పీకేస్తాను."

ఆ పందిరి పోతే అత్త ఇంకోసారి పోయినట్టే. కానీ భార్యను పోగొట్టుకున్న మనిషికి ఏమని చెప్తాం? ఆ దిగులుతో నాలుగు రోజులు తిండి సయించలేదు.

కర్మ ముగిసిన మర్నాడు పొద్దున మా గేటుకు పసుపు సంచి ఉంది. గోడమీదుగా చూశాను, పందిరి ఇంకా ఉంది. పందిరి పీకేముందు మామ కాయలు కోసి పంచాడు. ఏనాడూ అటు చెయ్యి పెట్టని మనిషి, పెద్దవైతే మంచివనుకున్నాడు. ఏరి ఏరి ముదిరినవే కోశాడు. కత్తి దిగలేదు, లోపలంతా పీచే. ఎదురింట్లోనూ అంతేనట.

సాయంత్రం సంచి తిరిగివ్వడానికి వెళ్లాను. పందిరి గుంజ పక్కన కొడవలి సిద్ధంగా ఉంది.

"కూర ఎట్లుండెనమ్మా?" అని అడిగాడు మామ.

"బాగుండె మామా. వెన్న మాదిరి ఉడికింది."

కాసేపు నా మొహంలోకి చూశాడు. "ఎదురింటామె కూడా అదే చెప్పింది. సరే, పందిరి ఉండనీలే. రేపటికి ఇంకా కోస్తాను" అని సంచి అందుకుని స్టూలెక్కాడు. చేతికందేంత దగ్గర్లో ఒక లేత కాయ ఉంది. దాన్ని జాగ్రత్తగా పక్కకు జరిపి, వెనకున్న పెద్ద కాయకు చెయ్యి చాపాడు.