ఇంకోసారి గారు మెయిళ్లు మార్చిన రోజు

మా ఆఫీసులో కంప్యూటర్లు చూసే పెద్దాయనకు అమ్మానాన్నలు పెట్టిన పేరొకటి ఉంది. అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. అందరికీ ఆయన ‘ఇంకోసారి గారు’. పని ఎంత బాగా కుదిరినా సరే, “ఇంకోసారి చూద్దాం” అనకపోతే ఆయనకు అన్నం సహించదు.

ఇంటికి తాళం వేసి నాలుగు మెట్లు దిగుతారు, వెనక్కెళ్లి లాగి చూస్తారు. మళ్లీ దిగుతారు, మళ్లీ ఎక్కుతారు. సినిమాకి వెళ్లాలంటే ఆయన భార్య ఆట వేళను గంట ముందుకు జరిపి చెబుతారు. అయినా మొదటి పాట పోతుందట.

అలాంటి మనిషి చేతిలో మా రెండు వందల మంది మెయిళ్లు పెట్టారు. పాత సర్వర్‌లోవన్నీ కొత్తదానిలోకి మార్చాలి. ఆదివారం పన్నెండింటికి వ్యాన్ వచ్చి పాతదాన్ని పట్టుకుపోతుంది, ఆ తర్వాత అందులో ఏమీ మిగలదు. చెత్తబుట్టలో, అంటే ట్రాష్‌లో ఉన్నవి మార్చబోమని, కావలసినవి ముందే బయటికి తీసుకోమని అందరికీ నోటీసు పంపాం. ఆ నోటీసూ మెయిల్లోనే పంపాం కాబట్టి ఎంతమంది చదివారో దేవుడికే తెలియాలి.

పదకొండున్నరకల్లా పాతదానికీ కొత్తదానికీ మెయిళ్ల లెక్క సరిపోయింది. పక్క సీటులో పనిచేసే నాకు గంతులేయాలనిపించింది. అప్పుడే రిసెప్షన్ అక్క రొప్పుతూ వచ్చి నన్ను వరండా మూలకు లాగింది.

“చెత్తబుట్టలోవి రావా?”

“చెత్తెందుకక్కా నీకు?”

“చెత్త కాదే, నా నవల! తొమ్మిదేళ్లుగా అధ్యాయానికో మెయిల్ నాకు నేనే పంపుకుంటున్నా. పక్కనుంచి ఎవరైనా చూస్తారని అందులో దాచా. నోటీసు ఇప్పుడే చూశా, పాతదేమో తెరుచుకోవట్లేదు. ఎవరికీ చెప్పకే, నవ్వుతారు.”

సర్వర్ గదికి ఒకటే పరుగు. అక్కడ మేనేజరు అప్పటికే స్విచ్ మీద చెయ్యి వేసి ఉన్నాడు.

“ఇంకోసారి చూద్దాం,” అన్నారు పెద్దాయన.

ఆ మాట విని నేను సంతోషించడం అదే మొదటిసారి.

“ఐదుసార్లు చూశారు! కింద వ్యానతను హారన్ కొడుతున్నాడు,” మేనేజరు మండిపడ్డాడు.

“కొట్టనీండి. ఇంకోసారి.”

“మీకు చాదస్తం ముదిరిందండీ!”

“ముదిరింది బాబూ,” అని ఒప్పేసుకుని, కుర్చీని స్విచ్‌కి అడ్డంగా లాక్కుని కూర్చున్నారాయన.

ఆయన భుజం మీదుగా తెర వైపు చూశాను. ఒకే ఒక్కరి చెత్తబుట్ట మెల్లగా కొత్త సర్వర్‌లోకి నడుస్తోంది. ముప్పై ఎనిమిది... ముప్పై తొమ్మిది... నలభై.

“ఇప్పుడు ఆపేయండి,” అని లేచారు.

మేనేజరు వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. “మీకెలా తెలిసింది సార్?”

“అందరి బుట్టలూ ఇంకోసారి చూశానమ్మా. ఆ అమ్మాయిది తొమ్మిదేళ్లుగా ఖాళీ చెయ్యలేదు, ఉన్నవన్నీ తనకు తనే పంపుకున్నవి. చెత్తని ఎవరైనా అంత భద్రంగా దాచుకుంటారా?”

“చదివారా?”

“ఛ, తప్పు కదూ!”

“మేనేజరుకి చెబితే తిట్లు తప్పేవిగా?”

“అక్కడ దాచుకుందంటే పదిమందిలో చెప్పుకోలేకేగా. నన్నంటే ఏముంది, నాకలవాటే.”

ఆయన్ని వెనకాల వెక్కిరించినవన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది.

కొత్త మెయిల్ తెరిచి, నలభై అధ్యాయాలూ చూసుకుని అక్క ఎగిరి గంతేసింది. మర్నాడు ధైర్యం చేసి మొదటి అధ్యాయం ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టింది. సాయంత్రం ఆయన కాగితాలతో రిసెప్షన్ దగ్గరికి వచ్చేసరికి పెన్ను మూత కొరుకుతూ నిలబడింది.

“ఎలా ఉంది బాబాయ్ గారూ?”

ఆయన కాగితాలు ఇవ్వబోయి, మళ్లీ వెనక్కి తీసుకుని చంకలో పెట్టుకున్నారు.

“ఇంకోసారి చదువుతానమ్మా.”